48 మంచాలు, మూడు లారీ నంబర్లు

విజయవాడ ఆటోనగర్‌లో మాకో చిన్న ఇనుప ఫర్నిచర్ షెడ్డు ఉంది. స్కూలు బెంచీలు, బీరువాలు, హాస్టల్ మంచాలు చేస్తాం. చుట్టూ అన్నీ లారీలే. ఒక పక్క లారీలకు బాడీ కట్టేవాళ్లు, ఇంకో పక్క టైర్ల షాపు, ఎదురుగా వరసగా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులు. పదేళ్లుగా ఆ హారన్ల మధ్యే అన్నం తింటున్నాను గానీ నా సరుకు కోసం ఒక్కసారి కూడా లారీ మాట్లాడిన పాపాన పోలేదు. మా మంచాలు ట్రాలీ ఆటో వెళ్లినంత దూరమే వెళ్లేవి. గుంటూరు, గుడివాడ, మహా అయితే ఏలూరు.

2023 మే నెలలో విశాఖపట్నం మధురవాడ నుంచి ఒక హాస్టల్ వాళ్లు ఫోన్ చేశారు. రెండంతస్తుల మంచాలు 48 కావాలి, జూన్ నెలాఖరుకి పిల్లలు దిగిపోతారు అన్నారు. మంచం 9,500 దగ్గర కుదిరింది. ఆర్డరు చేజారుతుందేమోనని భయంతో "డెలివరీ కూడా మాదేనండి" అని నోరు జారాను. ఫోన్ పెట్టేశాక ఎదురుగా ఆగి ఉన్న లారీలను చూసి, ఇదేమంత పని అనుకున్నాను.

మొదటి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కూర్చున్నాయన రెండే ప్రశ్నలు అడిగాడు. "ఎన్ని టన్నులు?" మూడుకి కాస్త తక్కువ అన్నాను. "ఎన్ని అడుగులు?" నీళ్లు నమిలాను.

సిమెంటు లాంటి సరుకుకి టన్ను లెక్క. మంచాలు, పరుపులు, ప్లాస్టిక్ కుర్చీలు లాంటివాటికి బరువు కాదు, అవి మింగే చోటు లెక్క. బండి కూడా టన్నులతో కాదు, అడుగులతో మాట్లాడాలి. 14 అడుగుల బండి, 17, 19, 22. ఇంటికొచ్చి కాగితం మీద గీసుకుంటే తల తిరిగింది. మా మంచం పొడవు ఆరుంపావు అడుగులు, వెడల్పు మూడు, ఎత్తు ఐదున్నర. బిగించినవి బిగించినట్టే ఎక్కిస్తే 19 అడుగుల బండిలో పట్టేది ఆరంటే ఆరు. 48 మంచాలకు ఎనిమిది బండ్లు. నా లాభం మొత్తం డీజిలుకే పోతుంది.

అందుకని అన్నీ విప్పేశాం. మంచానికి రెండు చివరి ఫ్రేములు, నాలుగు పక్క పట్టీలు, ఒక నిచ్చెన, రెండు ప్లైవుడ్ చెక్కలు. మొత్తం 96 ఫ్రేములు, 192 పట్టీలు, 48 నిచ్చెనలు, 96 చెక్కలు. నట్లు, బోల్టులు 48 పొట్లాలు కట్టి రెండు బస్తాల్లో పోశాం. ఇప్పుడు అంతా ఒక్క 19 అడుగుల బండిలో సరిపోతుంది. అక్కడికెళ్లి బిగించడానికి మా కుర్రాళ్లు ఇద్దరు రైల్లో వెళ్లాలి, అది వేరే ఖర్చు.

కిరాయి 18,500. అడ్వాన్సు 13,000, మిగతా 5,500 సరుకు దింపి సంతకం పెట్టిన ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ వెనక్కొచ్చాక. ఈ బేరం కుదిరాక తాడేపల్లిగూడెంలో పప్పు మిల్లు నడిపే మా బావకి గొప్పగా ఫోన్ చేశాను. ఆయన నెలకి పది లోడ్లు పంపుతాడు.

"కిరాయి సంగతి సరే, ఎల్‌ఆర్ మీద ఏం రాయించావు?" అన్నాడు.

"ఏం రాస్తారు, మంచాలని రాస్తారు."

"నీ మొహంలా ఉంది. ఆ కాగితం మీద లేనిది ఏదీ నువ్వు ఎక్కించనట్టే. గుర్తుపెట్టుకో."

అప్పుడు నవ్వేశాను. మా బావ పెళ్లిలో కూడా కట్నకానుకల జాబితా చదివి సంతకం పెట్టిన మనిషి.

సోమవారం సాయంత్రం బండి వస్తుందన్నారు. నంబరు వాట్సాప్‌లో పెట్టారు. ఆరింటికి కూర్చుని ఇన్‌వాయిస్ కొట్టి, ఈ-వే బిల్లు తీశాను. సరుకు రోడ్డెక్కడానికి జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసే చీటీ అది. సరుకు విలువ 50,000 దాటితే ఇది ఉండాల్సిందే. మన రాష్ట్రం లోపల తిరిగే సరుకుకి కూడా 2018 ఏప్రిల్ 15 నుంచి తప్పనిసరి చేశారు. పార్ట్ ఎ లో సరుకు, విలువ, ఎవరి నుంచి ఎవరికి. పార్ట్ బి లో బండి నంబరు. రెండు చోట్ల పిన్ కోడ్‌లు కొడితే దూరం అదే లెక్కేసింది, దాదాపు 350 కిలోమీటర్లు. 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున నాకు రెండు రోజుల గడువొచ్చింది. మొదటి రోజు మర్నాటి అర్ధరాత్రితో ముగుస్తుంది కాబట్టి సోమవారం తీసిన బిల్లు బుధవారం అర్ధరాత్రి దాకా పనికొస్తుంది. ఒక్క రాత్రి ప్రయాణానికి అంత గడువెందుకు అని కూడా అనుకున్నాను.

ఆ గడియారం మొదటిసారి పార్ట్ బి నింపిన క్షణం నుంచే తిరగడం మొదలవుతుంది. బండి గుమ్మంలోకి రాకముందే నంబరు ఎక్కించడం నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. పార్ట్ ఎ ఒక్కటే నింపి ఊరుకుని ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు.

బండి రాలేదు. రాత్రి తొమ్మిదికి, బండ్లు కుదిర్చే బ్రోకర్ ఫోన్. "అన్నా, ఆ బండి చిలకలూరిపేట దగ్గర మిల్లులో ఇరుక్కుపోయింది, అన్‌లోడింగ్ కాలేదు. పొద్దున్నే వేరే బండి పెడతా, టెన్షన్ పడకు." ఆ పొద్దున్నే అన్నది మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంట అయింది. కొత్త బండి, కొత్త నంబరు. ఎం పరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఫిట్‌నెస్, ఇన్సూరెన్సు, పర్మిట్ తేదీలు చూసుకున్నాను, అన్నీ బతికే ఉన్నాయి. పోర్టల్‌లో పార్ట్ బి మార్చాను. నంబరు మారింది, గడువు మాత్రం పాతదే. అప్పటికే ఒక రోజు హారతి కర్పూరం అయిపోయింది.

డ్రైవర్‌కి అరవై దగ్గర పడి ఉంటాయి. తెల్ల మీసాలు, మెడలో తువ్వాలు. బండి దిగగానే సరుకు వైపు చూడలేదు, మా షెడ్డు ముందున్న కరెంటు తీగల వైపు చూశాడు. ఎంత ఎత్తు దాకా లోడు కట్టొచ్చో లెక్కేసుకుంటున్నాడని తర్వాత అర్థమైంది.

లోడు ఎక్కించే ముఠా వాళ్లు ఆరుగురు వచ్చారు. వాళ్ల పని చూస్తూ నిలబడితే టైమే తెలియలేదు. ముందు బండి నేలంతా పాత గోనె సంచులు పరిచారు. ఫ్రేముల్ని పడుకోబెట్టలేదు, పుస్తకాల్లా నిలబెట్టారు, ఒకదాని కాళ్లు ఇంకోదాని తల వైపు వచ్చేట్టు తిప్పి. అలా తిప్పితే రెండు ఫ్రేముల మందం ఒకటిన్నర ఫ్రేములంతే అవుతుంది. ప్రతి రెండింటి మధ్యా అట్టముక్క. పట్టీల కట్టల్ని పక్కల్లో దూర్చి, ఆ ఫ్రేములు ఊగకుండా చీలల్లా బిగించారు. మేస్త్రి కింద నిలబడి ఒక్కో వరస అయ్యాక అరచేత్తో తడుతున్నాడు. గలగల వినిపిస్తే మళ్లీ తీయించేవాడు. మోగిన ఇనుము దారి పొడుగునా ఒరుసుకుంటుందట, రంగు లేచిపోతుందట.

ప్లైవుడ్ దగ్గర మేస్త్రికీ నాకూ మాట తేడా వచ్చింది. చెక్కల్ని ముందు, కేబిన్ వైపు పెడతానన్నాడు. నేను వెనక, డోరు దగ్గర పెట్టమన్నాను. అక్కడ దింపగానే ముందు చెక్కలు దిగితే మా కుర్రాళ్లకి లెక్క తేలిక.

"బాబూ, వెనక పెట్టినదే ముందు నేల మీద పడుద్ది. చినుకు పడితే?"

"పట్టా కడతారుగా!"

ఆయన ఇంకేం అనలేదు. డబ్బులిచ్చేవాడి మాట నెగ్గింది.

ఎల్‌ఆర్ రాసే గుమస్తా "ఐరన్ కాట్స్, 48 సెట్లు" అని గిలికి చేతిలో పెట్టాడు. బావ మాట గుర్తొచ్చింది. సెట్టంటే ఎన్ని ముక్కలో ఎవడు చెప్తాడు? నా దగ్గరున్న ముక్కల లెక్క కాగితం ఎల్‌ఆర్‌కి జతచేసి, దాని మీద కూడా ఆఫీసు ముద్ర వేయమన్నాను. గుమస్తా నన్ను పైనుంచి కిందకి చూసి "మంచాలకి ఇంత హంగామా ఏంటన్నా" అంటూనే ముద్ర గుద్దాడు. ఆ ఎల్‌ఆర్ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో "ఓనర్స్ రిస్క్" అని అచ్చేసి ఉంది. అంటే దారిలో ఏమైనా అయితే సరుకుదారే చూసుకోవాలని వాళ్ల ఉద్దేశం. చూశాను గానీ నోరెత్తలేదు. అందరూ అలాగే వేస్తారన్నారు.

రాత్రి తొమ్మిదికి బండి కదిలింది. ఇప్పుడు బండి ఎక్కడుందో తెలుసుకోవడానికి డ్రైవర్‌కి ఫోన్ చేయక్కర్లేదు. టోల్ గేటు దాటిన ప్రతిసారీ ఫాస్టాగ్ డబ్బులు కోసినట్టు బండి ఓనర్‌కి మెసేజ్ వస్తుంది. అది బ్రోకర్‌కి, బ్రోకర్ నుంచి నాకు. పదింపావుకి కలపర్రు. పదకొండున్నరకి ఉంగుటూరు. ఒంటిగంటకి ఈతకోట, అంటే రావులపాలెం దగ్గర్లో గోదావరి పాయల మధ్య ఉన్నాడు. మూడవుతుండగా కృష్ణవరం. తర్వాతది వేంపాడు, నాలుగున్నరకల్లా వచ్చేయాలి. నిద్రలో రెండుసార్లు లేచి ఫోన్ చూశాను. వేంపాడు మెసేజ్ రాలేదు. ఐదున్నరకీ రాలేదు.

ఆరున్నరకి డ్రైవరే చేశాడు. "బాబూ, అన్నవరం దాటాక గేరుబాక్సు పోయిందయ్యా. బండి పక్కకి తీసి పెట్టాను. సరుకు భద్రమే."

ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు వాళ్లు తాపీగా ఉన్నారు. గేరుబాక్సు దించాలి, విప్పాలి, రెండు రోజులు పడుతుంది, వేరే బండిలోకి మారుద్దాం అన్నారు. ఎన్నింటికి అంటే సాయంత్రం లోపు అన్నారు. దొరికిన రైలెక్కి తునిలో దిగి, ఆటోలో వెనక్కి వెళ్లేసరికి మధ్యాహ్నం రెండైంది.

హైవే పక్కన బండి కనపడింది. దాని వెనక ఇరవై అడుగుల దూరంలో పచ్చి వేపకొమ్మలు, వాటి కింద రాళ్లు. వచ్చే బండ్లు తప్పుకోవడానికి. డ్రైవర్ బాబాయ్ బండి నీడలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. తెల్లవారుజాము నుంచి అక్కడే. "తిన్నావా బాబాయ్?" అంటే "మీరు తిన్నారా బాబూ?" అన్నాడు. నాకు కొంచెం సిగ్గేసింది. రైల్లో వస్తున్నంతసేపూ ఆయన్ని మనసులో తిడుతూనే వచ్చాను.

అక్కడ కూర్చుని లెక్క వేసుకుంటే అసలు గండం అప్పుడు కనపడింది. ఈ-వే బిల్లు ఇవాళ అర్ధరాత్రితో చచ్చిపోతుంది. చచ్చిపోయిన బిల్లుతో బండి దొరికితే పన్ను మీద రెండింతలు జరిమానా. నా సరుకు 4,56,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 82,080. రెండింతలంటే 1,64,160. ఈ ఆర్డరు మీద నాకు మిగిలేది అందులో సగం కూడా కాదు.

ఫోన్లో పోర్టల్ తెరిచి గడువు పొడిగించబోతే ఒప్పుకోలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. నెట్ అనుకున్నాను, పాస్‌వర్డ్ అనుకున్నాను. చివరికి మా ఆడిటర్‌కి ఫోన్ చేస్తే చెప్పాడు, గడువు ముగియడానికి ముందు 8 గంటలు, ముగిశాక 8 గంటలు, ఆ మధ్యలోనే పొడిగించనిస్తుంది. అర్ధరాత్రి గడువు కాబట్టి సాయంత్రం నాలుగు దాటాలి. "నాలుగింటి దాకా టీ తాగండి" అన్నాడు. బిల్లులో ట్రాన్స్‌పోర్టర్ ఐడీ పెట్టి ఉంటే ఈ పని వాళ్ల మెడకి చుట్టుకునేది. నేను ఆ గడి ఖాళీగా వదిలేసి అన్నీ నేనే నింపుకున్నాను కాబట్టి నాకే చుట్టుకుంది.

మూడో బండి నాలుగున్నరకి వచ్చింది. తునిలో దొరికిన నలుగురు కూలీలు. బండ్లు రెంటినీ వీపు వీపు ఆనించి పెట్టి, సరుకు నేల మీద పెట్టకుండా ఇటునుంచి అటు లాగొచ్చని డ్రైవర్ బాబాయ్ అన్నాడు. కానీ రోడ్డు వాలుగా ఉంది, కొత్త బండి ఎత్తు ఎక్కువ, కుదరలేదు. ముందు వెనక సరుకు దించి పక్కన పెట్టాలి. వెనక ఏముంది? ప్లైవుడ్. 96 చెక్కలు గడ్డి మీద దొంతరగా పెట్టాక, సరిగ్గా ఐదుంపావుకి, అన్నవరం కొండ వైపు నుంచి మబ్బు వచ్చింది.

పట్టా తీసి కప్పేలోపు పైనున్నవి, పక్కలకి ఉన్నవి తడిసిపోయాయి. బాబాయ్, నేను ఆ పట్టా రెండు కొసలూ పట్టుకుని గాలికి ఎగరకుండా పదిహేను నిమిషాలు గొంతుక్కూర్చున్నాం. ఆటోనగర్‌లో మేస్త్రి అన్న మాట ఇద్దరికీ గుర్తుంది. బాబాయ్ ఎత్తలేదు, అది ఆయన మంచితనం.

వాన తగ్గాక మిగతాది గబగబా మార్చారు. ఇక్కడ ముఠా లేదు, అట్టముక్కలు లేవు, తట్టి చూసే చెయ్యి లేదు. ఫ్రేముల్ని విసిరినట్టే పేర్చారు. నేను అరుస్తూనే ఉన్నాను, చీకటి పడుతోందని వాళ్లు తొందరపడుతూనే ఉన్నారు.

ఆ రోజు నేను చేసిన తెలివైన పని ఒక్కటే. ఎల్‌ఆర్ వెనక వైపు రాశాను: ఫలానా చోట, ఫలానా గంటకి, బండి చెడిపోయినందున సరుకు ఈ నంబరు బండి నుంచి ఆ నంబరు బండిలోకి మారింది, మారుస్తుండగా వాన పడింది. కింద ఇద్దరు డ్రైవర్ల చేతా సంతకాలు. కొత్త డ్రైవర్ కుర్రాడు కొంచెం నసిగాడు. బాబాయ్ "పెట్టరా, జరిగిందే కదా రాసింది" అని తనే ముందు పెట్టాడు. ఆ కాగితం, వెనక వేపకొమ్మలతో ఆగిన బండి, తడిసిన చెక్కలు, అన్నీ ఫోటోలు తీసుకున్నాను. పోర్టల్‌లో ట్రాన్స్‌షిప్‌మెంట్ అని కారణం పెట్టి మూడో నంబరు ఎక్కించాను. మిగిలిన దూరం 200 లోపే కాబట్టి ఇంకో రోజు గడువిచ్చింది. ఫోన్ ఛార్జింగ్ 9 శాతం ఉంది.

కొత్త బండి కేబిన్లో నేనూ ఎక్కాను. లోవ తలుపులమ్మ తల్లి గుడికి వెళ్లే రోడ్డు వచ్చినప్పుడు కుర్రాడు ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని ఇంకో చేత్తో దణ్ణం పెట్టాడు. ఆ దారిలో లారీవాళ్లు ఆ తల్లికి దణ్ణం పెట్టకుండా వెళ్లరు. నేను రెండు చేతులూ ఎత్తాను. వేంపాడు టోల్ మెసేజ్ నాకింక అక్కర్లేదు గానీ బ్రోకర్ పంపాడు, చేతులు జోడించిన బొమ్మతో సహా.

పదకొండున్నరకి మధురవాడ చేరాం. దింపుడు పొద్దున్నే అన్నారు.

పొద్దున్న ఇంకో తగువు. హాస్టల్ మేనేజర్ గారు "డోర్ డెలివరీ అన్నారు కదండీ, గదులు మూడో అంతస్తులో ఉన్నాయి" అన్నారు. లారీ భాషలో డోర్ డెలివరీ అంటే గేటు దాకానే. గేటు దగ్గర దింపడం ఎవరి ఖర్చు, పైకి మోయడం ఎవరి ఖర్చు అన్నది మేం ఇద్దరం ఎక్కడా రాసుకోలేదు. కలాసీలు పైకి మోయడానికి 4,800 అడిగారు. చెరి సగం అనుకుని తేల్చాం. దానికే గంట పట్టింది.

ముక్కలు లెక్కపెడుతుంటే డ్రైవర్ కుర్రాడు ఎల్‌ఆర్ పట్టుకుని నా వెనకే తిరుగుతున్నాడు. "సంతకం పెట్టేయండి సార్, నాకు అనకాపల్లిలో లోడింగ్ ఉంది." మేనేజర్ గారు పెన్ను తీసేశారు కూడా. ఆపాను. లెక్క అయ్యేదాకా సంతకం లేదన్నాను. ఉత్త సంతకం పెడితే సరుకు బాగా అందిందని మనమే రాసిచ్చినట్టు. లెక్క తేలాక మేనేజర్ గారి చేత మూడు కాపీల మీదా రాయించాను: 7 ఫ్రేములు వంగి ఉన్నాయి, 11 చెక్కలు తడిసి ఉబ్బాయి, నిచ్చెన 1 తక్కువ. దాని కింద సంతకం, ముద్ర, టైము. కుర్రాడి మొహం చిన్నబోయింది. "నీ తప్పని రాయలేదు తమ్ముడూ, ఎలా అందిందో రాశాం" అని టీ ఇప్పించాను.

ఆ తర్వాత మూడు వారాలు ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు చుట్టూ తిరిగాను. వాళ్ల పేరు రాయను, ఇప్పటికీ రోజూ ఎదురుపడతాం. నష్టం 14,200 అని బిల్లులతో సహా ఇచ్చాను. మొదటి వారం ఓనర్స్ రిస్క్ అని ఎల్‌ఆర్ మీద వేలు పెట్టి చూపించారు. బావకి తెలిసిన లాయరు గారు చెప్పిన దాన్నిబట్టి, 1865 నాటి పాత క్యారియర్స్ (సరుకు మోసేవాళ్ల) చట్టం తీసేసి 2007లో కొత్త చట్టం తెచ్చారు. అది 2011లో అమల్లోకొచ్చింది. దాని ప్రకారం బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసివ్వాలి, ఇవ్వకపోతే కోర్టు గుమ్మం ఎక్కలేం. ఎక్కువ విలువ ముందే చెప్పి రాయించుకోకపోతే వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దాకానే. అది వినగానే వెన్ను జలదరించింది. నా కిరాయికి పది రెట్లంటే 1,85,000. ఆ రాత్రి బండి తగలబడి ఉంటే పన్నుతో కలిపి 5,38,080 సరుకులో మిగతాది నా నెత్తినే. ట్రాన్సిట్ ఇన్సూరెన్స్ తీసుకోవాలన్న ఆలోచనే నాకు రాలేదు.

నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాను, ఎదురుగా ఉన్న ఆఫీసుకే. పోస్ట్‌మన్ నవ్వుకుని ఉంటాడు. వెనక వైపు ఇద్దరు డ్రైవర్ల సంతకాలున్న ఎల్‌ఆర్ కాపీ జత చేశాను. దాంతో దారికొచ్చారు. మిగిలిన 5,500 కిరాయి ఇవ్వక్కర్లేదు, ఇంకో 3,500 తర్వాతి లోడ్లో తగ్గిస్తాం అన్నారు. ప్లైవుడ్ తడవడంలో నా పెద్దరికం కూడా ఉంది కాబట్టి ఒప్పుకున్నాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, నెలాఖరుకి ఆడిటర్ కిరాయి మీద 5 శాతం రివర్స్ ఛార్జ్ కింద జీఎస్టీ నువ్వే కట్టాలన్నాడు. ఎల్‌ఆర్ రాసిచ్చి, పన్ను తను వేయని ట్రాన్స్‌పోర్టర్ దగ్గర బుక్ చేస్తే ఆ పన్ను నాలాంటి రిజిస్టర్డ్ వాడి మీదకే వస్తుందట. 925 రూపాయలు నగదుగా కట్టి, తర్వాత దాన్ని పన్ను క్రెడిట్‌గా తీసుకున్నాను.

తక్కువైన ఆ ఒక్క నిచ్చెన కొత్తగా చేసి ఆర్టీసీ కార్గోలో మధురవాడకి పంపించాను. పై మంచం ఎక్కలేక ఎవరో పిల్లాడు కుర్చీ వేసుకుంటున్నాడని మేనేజర్ గారు రెండుసార్లు ఫోన్ చేశారు మరి.

జులైలో ఒక రోజు మధ్యాహ్నం షెడ్డు ముందు లారీ ఆగింది. తెల్ల మీసాలు, మెడలో తువ్వాలు. బండి దిగి కరెంటు తీగల వైపు ఒకసారి చూసి, కేబిన్ వెనక నుంచి పాత దుప్పటిలో చుట్టిన పొడుగాటిది ఏదో లాగాడు. విప్పితే మా నిచ్చెన.

"ఆవేళ చీకట్లో నా బండి మూలనే ఉండిపోయింది బాబూ. గేరుబాక్సు విప్పాక చూశాను. ఎవరికైనా ఇస్తే చేరుద్దో లేదోనని నా దగ్గరే పెట్టాను."

రంగు ఎక్కడా లేవలేదు. బాబాయ్‌కి భోజనం పెట్టించి పంపాను. దాన్ని అమ్మకానికి పెట్టలేదు. ఇప్పుడు లోడు కట్టేటప్పుడు మా మేస్త్రి బండి మీదకి ఎక్కేది ఆ నిచ్చెన మీదే. ప్లైవుడ్ ఎక్కడ పెట్టాలో నన్ను అడగడం మాత్రం మానేశాడు.